చమురుపై విండ్‌ఫాల్ ట్యాక్స్: పెట్టుబడిని భయపెట్టేది పన్ను రేటా, అనిశ్చితా?

న్యూదిల్లీ: యుక్రెయిన్ యుద్ధంతో ముడి చమురు ధర బ్యారెల్ 100 డాలర్లు దాటిన 2022లో, దేశంలో చమురు తీసే కంపెనీలపై కేంద్రం కొత్త పన్ను వేసింది. 2022 జులై 1న టన్నుకు రూ.23,250 చొప్పున మొదలైన ఈ విండ్‌ఫాల్ ట్యాక్స్‌ను 2024 డిసెంబర్ 2న రద్దు చేసింది. ఈ రెండున్నరేళ్ల అనుభవం ఏం చెబుతోంది?

ఎందుకు వేశారు?

మన అవసరాల్లో 85 శాతానికి పైగా ముడి చమురు దిగుమతిదే. 2022 మే 21న పెట్రోలుపై లీటరుకు రూ.8, డీజిల్‌పై రూ.6 ఎక్సైజ్ సుంకం తగ్గించడంతో కేంద్రం ఆదాయానికి గండి పడింది. మరోవైపు, దేశీయ కంపెనీలు తీసే చమురుకూ అంతర్జాతీయ ధరే దక్కుతోంది. అదనపు శ్రమ లేకుండా వచ్చిన లాభంలో ప్రజలకూ వాటా ఉండాలన్నది ప్రభుత్వ వాదన. అందులో న్యాయం ఉంది.

కార్పొరేట్ పన్నుకూ దీనికీ తేడా ఏమిటి?

కార్పొరేట్ పన్ను లాభంపై పడుతుంది. ఇది టన్నుపై పడింది. ఒక లెక్క చూద్దాం. బ్యారెల్ ధర 80 డాలర్లు, పాత బావిలో ఉత్పత్తి ఖర్చు 50, లోతు సముద్రంలో 65 అనుకుందాం. లాభంపై 30 శాతం పన్ను వేస్తే మొదటి కంపెనీకి 21 డాలర్లు, రెండోదానికి పదిన్నర డాలర్లు మిగులుతాయి. అదే బ్యారెల్‌కు 20 డాలర్లు నేరుగా వసూలు చేస్తే, మొదటి కంపెనీకి 10 డాలర్లు మిగులుతాయి. రెండోది 5 డాలర్లు నష్టపోతుంది. అంటే ఖర్చు ఎక్కువయ్యే కొత్త బావులకే దెబ్బ ఎక్కువ.

ప్రభుత్వం కొన్ని మినహాయింపులు ఇచ్చింది. ఏడాదికి 20 లక్షల బ్యారెళ్ల లోపు తీసే చిన్న కంపెనీలనూ, గత ఏడాది కంటే అదనంగా తీసిన చమురునూ వదిలేసింది. కానీ పాత బావుల్లో ఉత్పత్తి ఏటా దానంతటదే తగ్గుతుంది. దాన్ని అదే స్థాయిలో నిలబెట్టాలన్నా డబ్బు పెట్టాలి. ఆ ఖర్చుకు ఈ మినహాయింపు వర్తించదు.

అసలు చిక్కు ఎక్కడ?

కాకినాడ తీరంలోని ఓఎన్‌జీసీ కేజీ-98/2 బ్లాకునే తీసుకోండి. అభివృద్ధి ప్రణాళికకు 2016లో ఆమోదం లభిస్తే, తొలి చమురు వచ్చింది 2024 జనవరి 7న. ఎనిమిదేళ్లు ఎదురుచూసే పెట్టుబడి ఇది. విండ్‌ఫాల్ ట్యాక్స్ మాత్రం పక్షం రోజులకోసారి మారేది. మొదలైన నెలలోనే రూ.17,000కు తగ్గింది. 2023 ఏప్రిల్ 4న సున్నా అయింది. అదే నెల 19న మళ్లీ రూ.6,400కు చేరింది. ధర పెరిగితే ప్రభుత్వం పంచుకుంటుంది, పడిపోతే నష్టం కంపెనీదే అన్న భావన ఇన్వెస్టర్లలో కలిగితే, వారు ముందే ఎక్కువ రాబడి ఆశిస్తారు. అంత రాని ప్రాజెక్టు కాగితంపైనే ఆగిపోతుంది.

నార్వే, బ్రిటన్ ఏం నేర్పుతున్నాయి?

ఈ రెండు దేశాల్లోనూ చమురు లాభాలపై మొత్తం పన్ను 78 శాతం. నార్వేలో ఆ రేటు దశాబ్దాలుగా ఉంది, పైగా నష్టాల భారంలో ప్రభుత్వమూ పాలుపంచుకుంటుంది. బ్రిటన్‌లో 2022 మేలో 25 శాతంగా మొదలైన అదనపు లెవీ 2023లో 35కు, 2024 నవంబర్‌లో 38కి పెరిగింది. అప్పుడే పెట్టుబడి రాయితీనీ తొలగించారు. రేటు ఒకటే అయినా, రేపు ఏమవుతుందో ఊహించగలగడంలో ఎంతో తేడా ఉంది.

ఇకపై ఏం మారుతుంది?

దేశీయ ముడి చమురు ఉత్పత్తి 2011-12లో సుమారు 3.8 కోట్ల టన్నులు. 2022-23 నాటికి 2.9 కోట్ల టన్నులకు పడిపోయింది. ఈ క్షీణత పన్నుకు ముందే మొదలైంది కాబట్టి నెపమంతా దానిపై వేయలేం. అయితే దాన్ని ఆపడానికి కావలసిన పెట్టుబడికి ఆ పన్ను తోడ్పడలేదు. 2025లో పార్లమెంటు ఆమోదించిన చమురు క్షేత్రాల సవరణ చట్టం లీజు నిబంధనలకు స్థిరత్వం ఇస్తామంటోంది. పన్నులు మాత్రం వేరే చట్టాల కింద, ఆర్థిక శాఖ చేతిలో ఉంటాయి. ధర మళ్లీ 100 డాలర్లు దాటిన రోజున కేంద్రం ఏం చేస్తుందన్నదే ఈ హామీకి అసలు పరీక్ష.