గాలి కాదు... జబ్బే!

జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. మనసుకు జబ్బు చేస్తే మాత్రం నలుగురికీ తెలుస్తుందని దాచిపెడతాం. దాచినకొద్దీ అది ముదురుతుంది.

పుంగనూరు పొట్టి ఆవు ఒక్కపూట మేత ముట్టకపోతే పశువుల డాక్టరుకు కబురెళ్తుంది. అదే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లాడు నెలరోజులుగా నిద్రపోకుండా, గది దాటి రాకుండా, తనలో తానే మాట్లాడుకుంటున్నా డాక్టరు గుర్తుకురాడు. 'గాలి సోకింది' అంటారొకరు. 'ఎవరో చేయించారు' అంటారింకొకరు. తాయెత్తు కడతారు. తగ్గకపోతే 'పెళ్లి చేస్తే అదే కుదురుతుంది' అని సలహా. చిత్తూరు పడమటి మండలాల్లోనే కాదు, తెలుగునాట ఎక్కడైనా ఇదే వరస.

చదువుకున్నా అంతేనా?

2021 జనవరిలో మదనపల్లెలో ఇద్దరు ఆడపిల్లలు సొంత ఇంట్లోనే హత్యకు గురయ్యారు. చనిపోయినవాళ్లు మళ్లీ బతికొస్తారన్న నమ్మకం దీని వెనక ఉందని అప్పట్లో వార్తలొచ్చాయి. నిందితులైన తల్లిదండ్రులు ఉన్నత విద్యావంతులు. వారిని చికిత్స కోసం విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు. 'అంత చదువుకున్నవాళ్లు ఇలా ఎలా...' అని రాష్ట్రమంతా ముక్కున వేలేసుకుంది. చదువుకున్నంత మాత్రాన మనసుకు జబ్బు రాకుండా పోదు. అలాగని మానసిక రోగులంటే భయపడాల్సిన పనీ లేదు. వారిలో అత్యధికులు ఎవరి జోలికీ వెళ్లరు. పైగా దెబ్బలకు, ఎగతాళికి గురయ్యేది వాళ్లే.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు.

ఆరోగ్యవరం పాఠం

క్షయ అంటే ఒకప్పుడు ఇలాగే వణికిపోయేవారు. ఆ ఇంటికి పిల్లనివ్వడానికి వెనకాడేవారు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో 1910వ దశకంలో క్షయ ఆసుపత్రి వెలిసింది. ఆ తర్వాత మందులొచ్చాయి. 'వేళకు మింగితే తగ్గుతుంది' అని జనానికి నమ్మకం కుదిరాక భయం చాలావరకు తగ్గింది. మనసు జబ్బుల విషయంలోనూ జరగాల్సింది అదే.

అపోహలు... నిజాలు

* దయ్యం పట్టింది: మెదడులోని రసాయనాల్లో తేడాలు, వంశపారంపర్యం, తీవ్రమైన ఒత్తిడి వంటివి కారణాలు. థైరాయిడ్ లోపం వల్లా దిగులు రావచ్చు.
* పెళ్లే మందు: కొత్త బాధ్యతలతో జబ్బు పెరగొచ్చు. దాచి చేస్తే రెండు జీవితాలు నలిగిపోతాయి.
* మందులు అలవాటైపోతాయి: దిగులు తగ్గించే మందులు వ్యసనం కావు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గిందని సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు.
* కట్టేస్తే దారికొస్తారు: గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది.

దూరమేమీ లేదు

కుప్పంలో వైద్య కళాశాల ఉంది. అక్కడ రైలెక్కితే రెండు మూడు గంటల్లో బెంగళూరు. అంతదూరం వెళ్లలేనివారికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్లు గుడికి వెళ్తామన్నా, దర్గాకు వెళ్తామన్నా కాదనక్కర్లేదు. అదేరోజు డాక్టరునూ కలిస్తే చాలు!