నీటికాసుల చుక్కలు వాడేవారు నిద్రమాత్ర వేసుకోవచ్చా?

"చుక్కలు కంట్లోకి కదమ్మా, మాత్ర కడుపులోకి. రెండింటికీ ఏం సంబంధం?" అని ఓ.పి.లో చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. సంబంధం ఉంది. కంట్లో వేసిన చుక్క అక్కడే ఆగిపోదు. కంటి మూలనున్న సన్నని గొట్టం గుండా ముక్కులోకి దిగి, అక్కడినుండి రక్తంలో కలుస్తుంది. చుక్క వేసుకొన్నాక గొంతులో చేదు తగిలేది అందుకే.

నీటికాసులకు, అంటే గ్లకోమాకు, వాడే టిమొలాల్ చుక్కలు గుండె వేగాన్ని తగ్గించవచ్చు. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెస్తాయి. బ్రిమోనిడిన్ చుక్కలతో కొందరికి మగతగా ఉంటుంది. దానికి నిద్రమాత్ర గాని, మెలటోనిన్ గాని, మూలికలే కదా అని అశ్వగంధ గాని తోడైతే ఆ మగత ఇంకా పెరగవచ్చు. రాత్రివేళ బాత్రూముకు లేచిన పెద్దవారు తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడానికి అది చాలు. రాత్రికి ఒక్క చుక్క వేసుకొనే లాటనోప్రోస్ట్‌తో ఈ చిక్కు అంతగా లేదు.

మేము ఎక్కువగా భయపడేది మందుల షాపులో అడిగి తెచ్చుకొనే జలుబు, అలర్జీ మాత్రల గురించి. నిద్ర వస్తుందని వాటిని వేసుకొంటారు. డైఫెన్‌హైడ్రమిన్, డాక్సిలమిన్, క్లోర్‌ఫెనిరమిన్ ఆ జాతివి. ఇవి కనుపాపను పెద్దది చేస్తాయి. కంట్లోని నీరు బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్నవారికి అది మూసుకుపోయి, ఒత్తిడి ఒక్కసారిగా పెరగవచ్చు. దారి తెరుచుకొని ఉన్న రకం వారికి, లేజర్ చేయించుకొన్నవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. అందుచేత మీది ఏ రకమో డాక్టరుగారిని అడిగి చీటీ మీద రాయించుకోండి. కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడితే తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి రండి. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు.

నిద్రమాత్ర కోసమని చుక్కలు మాత్రం మానవద్దు. మెలటోనిన్ వాటికి బదులు కాదు. చుక్క వేసుకొన్నాక కళ్లు మూసుకొని, ముక్కు పక్కనున్న కంటి మూలను వేలితో 2 నిమిషాలు నొక్కి పట్టండి. మందు రక్తంలోకి పోవడం తగ్గుతుంది. రెండో రకం చుక్కకు 5 నిమిషాలు ఆగండి.

ఈసారి కళ్ల డాక్టరుగారి దగ్గరికి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. అమెరికా నుండి పిల్లలు పంపిన మెలటోనిన్ సీసా ఉంటే, అది కూడా.