ఖాళీ నూనె క్యాను బలమెంత?

పిల్లలూ, ఇంట్లో ఐదు లీటర్ల నూనె క్యాను ఖాళీ అయితే అమ్మ పాతసామాన్లవాడికి వేసేలోపే అడిగి తీసుకోండి. మూత గట్టిగా బిగించి, నీళ్ళతొట్టిలో వేసి, రెండు చేతులతో అడుక్కి నొక్కి చూడండి. ఓ పట్టాన మునగదు. కాస్త పట్టు జారిందా, ఎగిరి పైకొస్తుంది. ఐదు లీటర్ల నీళ్ళను పక్కకు నెట్టి ఆ చోట అది కూర్చోవాలి కదా! ఐదు లీటర్ల నీళ్ళ బరువు ఐదు కిలోలు. అంత బలంతోనూ నీళ్ళు దాన్ని పైకి తోస్తాయి. రెండువేల రెండొందల ఏళ్ళ కిందట ఆర్కిమెడీస్ తాత చెప్పింది ఇదే.

ఇప్పుడో లెక్క. ముప్ఫై కిలోల పిల్లవాడు నీళ్ళలోకి దిగాక ముప్ఫై కిలోలు తూగడు. మన ఒంటి సాంద్రత, నీటి సాంద్రత దాదాపు ఒక్కటే. ఊపిరి నిండా గాలి ఉంటే తేలేవైపు, వదిలేస్తే మునిగేవైపు మొగ్గుతాం, అంతే. కాబట్టి నీళ్ళ పైన ఉండాల్సిన తల బరువు ఒక్కటీ ఎవరైనా మోస్తే చాలు. పదేళ్ళ బిడ్డ తల నాలుగు కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. మన ఖాళీ క్యాను ఐదు మోస్తుంది! దాన్ని గుండెలకు హత్తుకుని గడ్డం పైకెత్తి ఉంచితే, ఈత రాని పిల్ల కూడా ఎవరో వచ్చేదాకా ఊపిరి పీల్చుకుంటూ ఉండగలదు. పల్లెటూరి బడుల్లో భద్రత గురించి ఒకే ఒక్క పాఠం చెప్పనిస్తానంటే నేను చెప్పేది ఇదే.

వేసవి సెలవుల్లోనూ, హోలీ ఆడి స్నానాలకు దిగినప్పుడూ పేపర్లో వచ్చే వార్తలు చూడండి. చెరువులో మునిగి ఇద్దరు, కుంటలో మునిగి ముగ్గురు. ఒక్కరని రాదు చాలాసార్లు. కాలు జారింది ఒక్కరికే. మిగతావాళ్ళు తమ్ముణ్ణో స్నేహితుణ్ణో కాపాడదామని దూకినవాళ్ళు. ఎంత మంచి మనసు! ఆ మనసున్న పిల్లలకు ఒడ్డునుంచి ఏం చెయ్యాలో మనం నేర్పలేదు. ఆ వార్త చదివినప్పుడల్లా నాకు గుండె పట్టేసినట్టు ఉంటుంది.

మునిగేవాళ్ళు సినిమాలోలాగా చేతులూపుతూ కేకలు పెట్టరు. న్యూయార్క్ తీరంలో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా అనే ఆయన మునిగేవాళ్ళను ఫిల్మ్ తీసి మరీ గమనించాడు. నోరు నీటి మట్టానికి పైకి వచ్చీ రాగానే మళ్ళీ కిందికి పోతుంది. ఆ కాస్త వ్యవధిలో గాలి పీల్చుకోవడమే కష్టం, ఇంక అరుపెక్కడిది? అంతా కలిపి ఇరవై సెకన్ల నుంచి నిమిషం. నీళ్ళలో ఆడుతున్న పిల్లవాడు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతే అప్పుడే చూడాలి. ఇంకో మాట. చెయ్యి నీళ్ళలో ఉన్నంతసేపూ దాని బరువు నీళ్ళు మోస్తాయి. పైకెత్తితే ఆ బరువు తల మీద పడి, తలను ఇంకా కిందికి తోస్తుంది. పట్టుకోవడానికి ఏమీ లేకపోతే చేతులు నీళ్ళలోనే చాపి, వెల్లకిలా వాలి, చెవులు మునిగినా ఫరవాలేదని ముఖం ఆకాశానికి పెట్టాలి. చెప్పడం తేలిక. భయంలో ఒంటికి గుర్తు రావాలంటే ముందే పదిసార్లు చేసి ఉండాలి.

మా చిన్నతనంలో అలా చేయించేవాళ్ళు ఉండేవాళ్ళు. ఎండిన సొరకాయ బుర్రో, బెండో నడుముకు కట్టి, తాడు కొస తన చేతిలో ఉంచుకుని మేనమామ మమ్మల్ని మోటబావిలోకి దింపేవాడు. ఊళ్ళోకి బోర్లు వచ్చాయి, బావులు పూడిపోయాయి, ఆ నేర్పే అలవాటూ వాటితోనే పోయింది. నీళ్ళు మాత్రం ఉన్నాయి, మునుపటికంటే మాయగా ఉన్నాయి. అప్పట్లో చెరువులో దిగితే మోకాలు, నడుము, మెడ అంటూ మెల్లగా లోతయ్యేది. ఇప్పుడు మట్టికోసం జేసీబీతో తవ్వినచోట గోడలాగా నిట్టనిలువు గొయ్యి ఉంటుంది. వానలు పడ్డాక పైకి అంతా ఒకే నీరు. తోటలకోసం తవ్వి నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటికుంటలు మరీ ప్రమాదం. తడిసిన పట్టా మీద పెద్దవాళ్ళ కాలే ఆనదు. అలాంటి కుంట ఉన్న రైతన్నలారా, కంచె వేయించండి. ముళ్ళు వేసిన మోకు ఒకటి గట్టున గుంజకు కట్టి నీళ్ళలోకి వదలండి. అంతకంటే చవకైన బీమా లేదు.

'చెరువు దగ్గరికి వెళ్ళొద్దు' అని మనం చెబుతూనే ఉన్నాం, పిల్లలు వెళుతూనే ఉన్నారు. బంగ్లాదేశ్‌లో వేరే దారి పట్టారు. అక్కడ ఇంటికో పుకూర్ అన్నట్టు చెరువులే. ఢాకాలోని గాయాల నివారణ పరిశోధన కేంద్రం వాళ్ళు 'స్విమ్‌సేఫ్' అని మొదలుపెట్టి, ఊరి చెరువులోనే వెదురు కర్రలతో పందిరిలాంటి చట్రం కట్టి, కింద వెదురు నేల పరిచి, ఆ ఊరి యువకులకే శిక్షణ ఇచ్చి పిల్లలకు ఈత నేర్పించారు. పోటీ ఈత కాదు. పాతిక మీటర్లు ఈదాలి, అర నిమిషం తేలాలి, ఒడ్డునుంచి కర్ర అందించి ఇంకొకరిని లాగాలి. నేర్చుకున్న పిల్లల్లో మునిగి చనిపోవడం, నేర్చుకోనివాళ్ళతో పోలిస్తే తొంభై శాతానికి పైగా తక్కువని తేలింది. 2022లో అక్కడి ప్రభుత్వమే 3,60,000 మంది పిల్లలకు ఈత నేర్పే పథకం మంజూరు చేసింది. వెదురు మనకూ ఉంది, చెరువూ ఉంది.

మాస్టారూ, టీచరమ్మా, 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపమంది. అందులో ఒక్కరోజు దీనికివ్వండి. బడి ఆవరణలో సున్నంతో గీత గీసి, ఇటు ఒడ్డు, అటు నీరు అనుకోండి. అటు ఒక పిల్లణ్ణి కూర్చోబెట్టండి. ఇటువాళ్ళు ముందు పెద్దవాళ్ళను కేకేయాలి. తర్వాత ఒడ్డున బోర్లా పడుకుని కర్రో, చున్నీయో, తువ్వాలో అందించాలి. నిలబడి లాగితే అవతలివాడి బరువుకు తామే పడిపోతారు. అందకపోతే తాడు కట్టిన క్యాను విసరాలి. ఖాళీ క్యాను గాలికి పక్కకు పోతుంది కాబట్టి గ్లాసుడు నీళ్ళు పోసి మూత బిగిస్తే సూటిగా వెళుతుంది. గీత దాటి ఎవరూ కాలు పెట్టకూడదు. ఆటలాగే ఉంటుంది, పట్టుబట్టి ఆడతారు.

బయటికి తీశాక బిడ్డను తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం మన ఊళ్ళల్లో ఇంకా చూస్తున్నాం. దయచేసి చేయకండి. అక్కడ కొరత ఊపిరిది. ఆక్సిజన్ అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతింటుంది. పొట్ట నొక్కితే కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు ఊపిరి ఊదాలి. అప్పటికీ కదలిక లేకపోతే రొమ్ము మధ్యన ముప్ఫైసార్లు వేగంగా నొక్కడం, రెండుసార్లు ఊదడం, 108 వచ్చేదాకా ఇదే వరస. లేచి కూర్చుని నవ్వినా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. నీళ్ళు పోయిన ఊపిరితిత్తులు కొన్ని గంటల తర్వాత ఇబ్బంది పెట్టవచ్చు.

పాముల సంగతి కూడా సంచి లేని ఆ ఒక్కరోజులోనే చెప్పేయవచ్చు, ఎక్కువసేపు పట్టదు. 2019 నవంబరులో కేరళలోని వయనాడ్ జిల్లాలో ఒక పదేళ్ళ పాపను తరగతి గదిలో నేలబొరియలోంచి పాము కాటేసింది. కాలికేదో అయిందని పాప చెప్పింది, ఆస్పత్రికి తీసుకెళ్ళడంలో ఆలస్యం జరిగింది, పాప దక్కలేదు. తరగతి గదిలో కన్నాలుంటే సిమెంటుతో పూడ్చడం ఒక పూట పని. 'ఏదో కుట్టింది టీచర్' అని బిడ్డ అంటే, గాటు కనిపించినా కనిపించకపోయినా నమ్మి బయల్దేరాలి. కట్లపాము కాటైతే గాటూ సరిగా కనపడదు, నొప్పీ ఉండదు. తాడు బిగించకూడదు, బ్లేడుతో కోయకూడదు, పిల్లను నడిపించకూడదు. కాలు కదలకుండా స్కేలో కర్రో ఆనించి వదులుగా కట్టి, ఎత్తుకుని తీసుకెళ్ళాలి. పామును వెతికి చంపి తీసుకెళ్ళే పనీ లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, నాలుగింటికీ మన ఆస్పత్రుల్లో ఇచ్చే ఇంజెక్షను ఒక్కటే.