చీలమండ బెణికితే చేతి వైద్యం: ఎప్పుడు, ఎంతవరకు?

ఎండాకాలం రాగానే నల్లరేగడి నేల నెర్రెలు పడుతుంది. వానాకాలంలో అదే నేల జారుతుంది. నాందేడ్ జిల్లాలో పత్తి, సోయాబీన్ చేలగట్ల మీద నడిచే రైతుకూలీలకు, మాహూర్‌లో రేణుకామాత ఆలయం మెట్లు ఎక్కి దిగే యాత్రికులకు, హజూర్ సాహిబ్ వద్ద హల్లాబోల్ పరుగులో పాల్గొనే భక్తులకు, బడి మైదానంలో కబడ్డీ ఆడే పిల్లలకు తరచుగా తగిలే దెబ్బ ఒకటి ఉంది. పాదం లోపలి వైపుకు మడతపడుతుంది. చీలమండ బయటి భాగం చూస్తుండగానే ఉబ్బిపోతుంది. తెలుగువారు ‘కాలు బెణికింది’ అంటారు. మరాఠీలో ‘పాయ్ మురగళలా’ అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో అది ‘మోచ్’. పేరు ఏదైనా మొదట జరిగే పని ఒకటే: నూనె వెచ్చచేసి రుద్దించడం, చేయి తిరిగిన వారి చేత కాలు లాగించడం.

చేతితో చేసే వైద్యం పనికిరానిది కాదు. ఫిజియోథెరపీలో ‘మాన్యువల్ థెరపీ’ అనే శాఖ అంతా చేతుల మీదనే ఆధారపడి ఉంది; బెణుకు విషయంలో దాని ప్రయోజనం పరిశోధనలలో రుజువైంది కూడా. అయితే ఏ రోజున, ఏ తీరున, దాని తరువాత ఏమి చేయాలి అన్న మూడు విషయాలు తెలియకపోతే మేలు చేయవలసిన చేయే కీడు చేస్తుంది.

బెణుకు అంటే ఏమిటి?

‘నరం మీద నరం ఎక్కింది’ అని పెద్దలు చెప్పడం వాడుక. నిజానికి బెణుకులో దెబ్బతినేది నరం కాదు. ఎముకను ఎముకతో కలిపి ఉంచే లిగమెంటు, అనగా సంధిబంధనం. చీలమండ బయటి వైపున ఇటువంటి బంధనాలు మూడు ఉన్నాయి. పాదం లోపలికి తిరిగినప్పుడు ముందువైపున ఉన్న బంధనం మొదట సాగుతుంది లేదా తెగుతుంది. దెబ్బ బలమైనదైతే రెండవది కూడా తెగుతుంది. మూడవది తెగడం అరుదు.

తీవ్రతను బట్టి వైద్యులు బెణుకును మూడు తరగతులుగా చెబుతారు. మొదటి తరగతిలో బంధనం సాగుతుంది. రెండవ దానిలో కొంత తెగుతుంది. మూడవ దానిలో పూర్తిగా తెగి కీలు వదులవుతుంది. ఈ మూడింటికీ ఒకే మర్దన, ఒకే కట్టు సరిపోవు.

మొదట ఎముక సంగతి తేల్చుకోవాలి

కాలు లాగించడానికి ముందు ఎముక విరగలేదని నిర్ధారించుకోవడం ముఖ్యం. దీనికి 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు రూపొందించిన నియమాలు నేటికీ ప్రపంచమంతటా ఉపయోగపడుతున్నాయి. చీలమండ నొప్పితో పాటు ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి.

– చీలమండకు ఇరువైపులా పొడుచుకొని ఉండే ఎముకల కొన వద్ద గాని, వాటి వెనుక అంచు వెంబడి క్రింది 6 సెంటీమీటర్లలో గాని నొక్కితే నొప్పి ఉండడం.
– దెబ్బ తగిలిన వెంటనే, పరీక్ష సమయంలో – రెండు సందర్భాలలోనూ నాలుగు అడుగులు వేయలేకపోవడం.

పాదం మధ్యభాగంలో నొప్పి ఉన్నప్పుడు, చిటికెన వేలికి వెళ్లే ఎముక మొదలు వద్ద లేదా పాదం లోపలి అంచున ఉన్న ఎముక మీద నొక్కి చూడాలి. అక్కడ నొప్పి ఉన్నా ఎక్స్‌రే అవసరమే. ఎదిగే పిల్లల ఎముకల కొనలు మెత్తగా ఉంటాయి కనుక వారి విషయంలో ఇంటి పరీక్ష మీద ఆధారపడక వైద్యునికి చూపించడం మంచిది. మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారినవారు నొప్పి లేదన్న ధైర్యంతో ఉండరాదు.

మొదటి మూడు రోజులు

తెగిన బంధనం చుట్టూ రక్తం, నీరు చేరే సమయమిది. ఇప్పుడు నూనెతో గట్టిగా రుద్దడం, వేడి కాపడం పెట్టడం, పాదాన్ని పట్టి గుంజడం వాపును పెంచుతాయి. సగం తెగిన బంధనం పూర్తిగా తెగే ప్రమాదమూ ఉంది. వెదురుబద్దలు పెట్టి బిగించి కట్టే కట్లు మరింత ప్రమాదకరం. వాపు పెరిగే కొద్దీ కట్టు బిగుసుకొని రక్తప్రసారం ఆగిపోతే పాదానికే ముప్పు. కట్టు కట్టిన తరువాత వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పివేయాలి.

సాగే గుణం గల క్రేప్ బ్యాండేజీ చుట్టి, పాదాన్ని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాల పాటు పెడితే నొప్పి తగ్గుతుంది. అయితే మంచు గాయాన్ని మాన్పుతుందనుకోవడం సరికాదు. విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తు అన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్, మంచూ పూర్తి విశ్రాంతీ కోలుకోవడాన్ని ఆలస్యం చేయవచ్చునని 2014లో తానే చెప్పారు. ఎముక విరగలేదని తేలితే, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు చేతికర్ర సాయంతో అడుగులు వేయడమే మేలు.

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. కట్టు మీద మన ప్రజలకున్న నమ్మకం విరిగిన ఎముకను దృష్టిలో ఉంచుకొని ఏర్పడినది. ఎముక అతకడానికి కదలిక లేకుండా ఉంచాలి. బంధనం సంగతి వేరు. అది గట్టిపడాలంటే తగుమాత్రపు కదలిక కావాలి. సాధారణ బెణుకుకు వారాల తరబడి కదలకుండా కట్టు వేస్తే కీలు బిగుసుకుపోతుంది.

చేతులు చేసే పని

కాలి రెండు ఎముకల క్రింది కొనలు కలిసి ఒక గాడిలా ఏర్పడతాయి. టాలస్ అనే ఎముక ఆ గాడిలో వడ్రంగి దించిన చెక్కవలె ఇమిడి ఉంటుంది. మోకాలు ముందుకు వంచి పాదం మీద బరువు వేసినప్పుడు టాలస్ కొద్దిగా వెనుకకు జారాలి. బెణుకు తరువాత ఈ జారుడు తగ్గుతుంది. అప్పుడు వాపు పోయినా చీలమండ ముందు భాగంలో ఏదో అడ్డుపడినట్లుంటుంది.

చికిత్సకుడు రోగి కాలిని ఒక చేత్తో నిలిపి, రెండవ చేత్తో టాలస్‌ను ముందు నుండి వెనుకకు మెల్లగా, లయబద్ధంగా నెడతాడు. ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్ ఈ కదలికలను తరగతులుగా విభజించారు. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు చిన్న కదలికలు, బిగుసుకుపోయినప్పుడు లోతైన కదలికలు వాడతారు. న్యూజీలాండ్‌కు చెందిన బ్రయన్ ముల్లిగన్ పద్ధతిలో చికిత్సకుడు ఎముకను నెట్టి పట్టుకొని ఉండగా రోగి తానే మోకాలిని ముందుకు వంచుతాడు. ఈ రెండింటిలోనూ కుదుపు ఉండదు. ‘టక్’మని శబ్దం వస్తేనే కాలు సర్దుకుందన్నది అపోహ.

2001లో ఆస్ట్రేలియాలో 41 మంది మీద జరిగిన పరీక్షలో, మంచు, కట్టు, విశ్రాంతితో పాటు టాలస్‌ను వెనుకకు నెట్టే చికిత్స కూడా పొందినవారిలో పాదం నొప్పి లేకుండా పైకి వంగే శక్తి త్వరగా తిరిగి వచ్చింది. 2013లో అమెరికాలో ప్రకటించిన మరొక పరిశోధనలో 74 మంది పాల్గొన్నారు. వ్యాయామంతో పాటు చేతి చికిత్స పొందినవారు, ఇంటి వ్యాయామాలు మాత్రమే చేసినవారికంటే నాలుగు వారాలకూ, ఆరు నెలలకూ మెరుగ్గా ఉన్నారు. 2021 నాటి అమెరికన్ ఫిజియోథెరపీ మార్గదర్శకాలు కూడా వ్యాయామంతో కలిపి చేతి చికిత్సను సిఫారసు చేశాయి. ‘వ్యాయామంతో కలిపి’ అన్న మాటే కీలకం. చేతి చికిత్స ఒక్కటే చేస్తే వచ్చే సడలింపు కొద్దికాలమే నిలుస్తుంది.

ఎముక విరిగినప్పుడు, కీలులో చీము లేదా జ్వరంతో కూడిన వాపు ఉన్నప్పుడు, బంధనం పూర్తిగా తెగి కీలు వదులైనప్పుడు, పిక్క వాచి నొప్పి పెడుతున్నప్పుడు ఈ చికిత్స చేయరాదు.

చేతుల తరువాత కాలి వంతు

పాదం పైకి వంగకపోతే పట్టణంలో కుర్చీ మీద పనిచేసేవారికి పెద్దగా తెలియకపోవచ్చు. గొంతుకూర్చొని కలుపు తీసే స్త్రీకి మాత్రం అది జీవనోపాధికి సంబంధించిన విషయం. దీనిని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేపకుండా మోకాలిని గోడకు తాకించాలి. మంచి కాలి బొటనవేలు గోడకు ఎంత దూరంలో ఉండగా మోకాలు తాకుతున్నదో, బెణికిన కాలికీ అంత దూరం రావాలి. రాకపోతే కీలు ఇంకా విడివడలేదని అర్థం.

రెండవ లోటు కంటికి కనిపించదు. బంధనాలలో పాదం ఎటు వంగుతున్నదో మెదడుకు తెలియజేసే సూక్ష్మ నాడీకొనలు ఉంటాయి. బెణుకుతో ఆ సమాచారం మందగిస్తుంది. అందుకే ఒకసారి బెణికిన కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుంది. బెణికిన వారిలో 40 శాతం వరకు దీర్ఘకాలం ఈ బాధ పడుతున్నట్లు అంచనా. దీనికి మందు సమతుల్య సాధన.

– గోడ దగ్గర నిలబడి ఒంటికాలి మీద 30 సెకన్లు నిలవడం. అలవాటైన తరువాత కళ్లు మూసుకొని చేయడం.
– మునివేళ్ల మీద లేచి నెమ్మదిగా దిగడం.
– పాదానికి రబ్బరు పట్టీ తగిలించి బయటి వైపుకు లాగడం.

వీటిని రోజూ పది, పదిహేను నిమిషాల చొప్పున ఆరు నుండి ఎనిమిది వారాలు చేయాలి. పైసా ఖర్చు లేదు. నొప్పి తగ్గిన రోజే కూలికి వెళ్లక తప్పనివారు అనేకులు. అటువంటివారు జారే చెప్పులు మాని పాదాన్ని పట్టి ఉంచే బూట్లు లేదా చీలమండ పట్టీ ధరించి, సాయంత్రం ఈ సాధన మానకుండా ఉంటే రేపటి కూలిని కాపాడుకున్నవారవుతారు.

ఎవరి వద్దకు వెళ్లాలి?

నాందేడ్ పరిసరాలవారికి విష్ణుపురిలోని డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ధర్మాబాద్ వైపువారికి రైలు మార్గంలో నిజామాబాద్ కూడా అందుబాటులో ఉంటుంది. ప్రైవేటు చికిత్సకుని వద్దకు వెళ్లేటప్పుడు ఫిజియోథెరపీలో పట్టా ఉన్నదా, మహారాష్ట్రలోనైతే రాష్ట్ర ఆక్యుపేషనల్ థెరపీ, ఫిజియోథెరపీ మండలిలో నమోదు ఉన్నదా అని అడగడానికి సంకోచించనక్కరలేదు.

మరాఠీ అంతగా రాని తెలుగువారు మూడు సంగతులు ముందే గుర్తు పెట్టుకొని చెప్పగలిగితే పరీక్ష సులువవుతుంది: పాదం ఏ వైపుకు మడతపడింది, దెబ్బ తగిలిన వెంటనే నడవగలిగారా లేదా, అదే కాలు ఇంతకు ముందు ఎన్నిసార్లు బెణికింది. చికిత్స ముగిసిన రోజున తాము అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఇంటి వద్ద ఏ వ్యాయామం, ఎన్ని వారాలు చేయాలి? దానికి స్పష్టమైన సమాధానం వచ్చినప్పుడే ఆ చికిత్స పూర్తయినట్లు.