చర్మానికి చిన్ని కిటికీలు

పిల్లలూ, మంచిర్యాల జిల్లాలో గోదావరికి దగ్గరగా శ్రీరాంపూర్ అని ఒక ఊరున్నది. అది సింగరేణి బొగ్గు గనుల ఊరు. అక్కడివాళ్ళు గనిని "బాయి" అంటారు. బాయి దిగి పని చేసినవారు పైకి వచ్చేసరికి ముఖం, మెడ, చేతులు అన్నీ నల్లగా ఉంటాయి. కళ్ళూ పళ్ళూ మాత్రం తెల్లగా మెరుస్తాయి. ఇంత సబ్బు రుద్దుకుని నాలుగు బక్కెట్ల నీళ్ళు పోసుకుంటే చాలు, నలుపంతా కాలవలో పడి పోతుంది.

కాని తట్టా చెమ్మసు పట్టి బొగ్గు ఎత్తిన పాతకాలపు కార్మికులను చూడండి. ఇప్పుడా పని చాలావరకు యంత్రాలు చేస్తున్నవి గాని, ఆ తాతలు ఇంకా ఉన్నారు. వారిలో కొందరి చేతుల మీద, నుదుటి మీద పచ్చబొట్టు పొడిచినట్టు నీలి గీతలుంటాయి. ఎప్పుడో బొగ్గు పెళ్ళ తగిలి చర్మం చీరుకున్నది. ఆ చీలికలో బొగ్గు ధూళి పడ్డది, దాని మీద చర్మం మళ్ళీ మూసుకున్నది. అంతే, ఇక ఆ మచ్చ జన్మలో పోదు. నల్లని బొగ్గు నీలంగా ఎందుకు కనిపిస్తుందంటారా? చర్మం కింద లోతుగా ఉన్న నలుపు పైనుంచి చూసేవారికి నీలంగానే కనబడుతుంది. పచ్చబొట్టు మసితో పొడిచినా పచ్చగా కనబడటం ఇందుకే.

ధూళి ఒక్కటే. చర్మం చెక్కుచెదరకుండా ఉంటే నీళ్ళతో పోయింది. చీలిక దొరికితే లోపల కాపురం పెట్టింది. మరి ఆ ధూళిని బయటనే ఆపిన గోడ మందం ఎంతో తెలుసా? మిల్లీమీటరులో నూరో వంతు, మహా ఐతే యాభయ్యో వంతు! మీ తల వెంట్రుక ఒకటి పీకి చూడండి. ఈ గోడ దానికన్నా నాలుగైదు రెట్లు పలచన.

ఇది మన చర్మపు పైపొర. ఇందులో ప్రాణంలేని కణాలు ఎండి, బిళ్ళల్లాగా అణగి, ఒకదాని మీద ఒకటి పదిహేను, ఇరవై వరసలుగా పేర్చి ఉంటాయి. వాటి సందుల్లో ఒక రకం కొవ్వు ఉంటుంది. ఇటుకలూ, ఇటుకల మధ్య సున్నమూ అనుకోండి. ఈ పొరలో నరాలు లేవు, రక్తనాళాలు లేవు. పండగనాడు అమ్మ నలుగు పెట్టి రుద్దితే రాలే మట్టిలో సగం ఈ ఇటుకలే. పైవి రాలుతుంటే కిందినుంచి కొత్తవి వస్తూంటాయి; రెండు మూడు వారాలలో గోడ మొత్తం కొత్తదవుతుంది. ఏ మేస్త్రీ ఇటువంటి గోడ కట్టలేడు.

ఐతే ఈ కాపలా మరీ గట్టిది కావటంతో ఒక చిక్కు వచ్చింది. అది ధూళినీ, సూక్ష్మజీవులనూ ఆపినట్టే మందులను కూడా ఆపుతుంది. చాలా చిన్న అణువులు మాత్రమే, అవీ కొవ్వులో కాస్త కరిగేవి మాత్రమే, ఇటుకల సందుల్లోంచి దూరిపోగలవు. హైడ్రోజన్ పరమాణువు బరువు 1 అనుకుంటే, 500 దాటిన అణువులకు సామాన్యంగా ఇక్కడ ప్రవేశం లేదు. బస్సు ప్రయాణంలో వాంతి వచ్చేవారి కోసం చెవి వెనక అంటించుకునే మందు పట్టీ ఒకటి ఉన్నది. అమెరికాలో 1979లో అనుమతి పొందిన ఆ పట్టీలోని మందు బరువు 303. అది సులువుగా లోపలికి పోతుంది. ఇన్సులిన్ బరువు ఎంతో తెలుసా? సుమారు 5,800!

ఇన్సులిన్ సంగతి కొంచెం చెప్పాలి. మన శరీరంలో చక్కెర సరిగా ఖర్చు కావటానికి అది కావాలి. కొందరు పిల్లలకు చిన్నతనంలోనే శరీరం దాన్ని తయారు చేయటం మానేస్తుంది. పూర్వం అటువంటి పిల్లలు బతికేవారు కారు. కెనడా దేశంలో టొరంటో నగరంలో 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఇన్సులిన్ సూదిమందు ఇచ్చారు. మొదటి మందు అంత శుద్ధమైనది కాదు. కొద్ది రోజులకు శుద్ధి చేసి మళ్ళీ ఇచ్చారు. కుర్రవాడు కోలుకున్నాడు. అది మొదలు లక్షలాదిమంది ప్రాణాలు దక్కినవి. కాని నూరేళ్ళు దాటినా సూది మాత్రం తప్పలేదు. మాత్రగా మింగుదామంటే కడుపు దాన్ని అన్నం అరిగించినట్టు అరిగించివేస్తుంది. అందుచేత ఈ జబ్బు ఉన్న పిల్లవాడు రోజుకు మూడు నాలుగు సార్లు పొట్టకో, తొడకో పొడుచుకోవాలి. బడిలో మన పక్కన కూచున్నవాడే కావచ్చు. వాడు ఆటల పీరియడులో ఒక్క నిముషం ఎక్కడికో వెళ్ళి వస్తే, నవ్వకండి.

"చర్మానికి చెమట రంధ్రాలు ఉన్నవి గదా, మందు వాటిలోంచి పోదా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని ఆ రంధ్రాలూ, వెంట్రుకల మొదళ్ళూ అన్నీ కలిపినా చర్మం వైశాల్యంలో వెయ్యో వంతు మాత్రమే. పైగా చెమట లోపలినుంచి బయటికి వస్తూంటుంది. ఆవిరి పడితే రంధ్రాలు తలుపుల్లా తెరుచుకుంటాయనేది ఉత్త మాట.

మరి గోడకు మనమే కిటికీలు పెడితే? సూదంత పెద్దవి కాదు, కంటికి కనపడనంత చిన్నవి. లోతు పైపొర దాటకుండా. అక్కడ నరాలు లేవు గనక నొప్పి ఉండదు, రక్తం రాదు. ఈ కిటికీలు పెట్టే పనికి శాస్త్రజ్ఞులు పట్టుకున్న పనిముట్లలో వేడి ఒకటి.

తొలి ఏకాదశికి పేలపిండి తిన్నారు గదా! జొన్నలు మంగలంలో వేయించితే ఎందుకు పేలతాయి? గింజలో కాస్త తడి ఉంటుంది. ఆ తడి ఒక్కసారిగా ఆవిరి అవుతుంది. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు కావాలి. గింజలో అంత చోటెక్కడిది? పొట్టు పగిలిపోతుంది. చర్మం పైపొరలోనూ కాస్త తడి ఉన్నది. ఒక చుక్కంత చోట దాన్ని రెప్పపాటులో బాగా వేడి చేస్తే ఆ తడి ఆవిరై, ఆ చుక్కలోని ఇటుకలను ఎగరగొట్టి బయటికి పోతుంది. అక్కడ ఒక గుంట మిగులుతుంది. అదే కిటికీ.

ఎంత వేడి కావాలి? అమెరికాలో అట్లాంటా నగరంలోని జార్జియా టెక్ అనే విద్యాలయంలో మార్క్ ప్రౌస్నిట్జ్ అనే ప్రొఫెసరూ, ఆయన తోటివారూ దీన్ని కొలిచి చూశారు. 2008లో వారి ఫలితాలు వెలువడ్డవి. చనిపోయినవారి చర్మం ముక్కలను రకరకాల వేడికి గురి చేసి, దాని మీద మెరిసే రంగు పోసి, ఎంత రంగు అవతలికి దిగిందో చూశారు. 100 నుంచి 150 డిగ్రీల సెంటిగ్రేడు వరకు రంగు కొద్ది రెట్లు మాత్రమే ఎక్కువగా దిగింది. అక్కడ ఇటుకల మధ్య కొవ్వు కదిలింది, అంతే. 150 దాటి 250 వరకు పోతే పది రెట్లనుంచి నూరు రెట్ల దాకా పెరిగింది. ఇటుకల్లోని గట్టి పదార్థమే చెడటం మొదలైంది. 300 దాటాక వెయ్యి రెట్లు! అప్పటికి ఇటుకలే ఆవిరైపోయినవి. ఇందులో వింత ఏమిటంటే, ఎంతసేపు వేడి చేశారన్నది అంత ముఖ్యం కాలేదు. ఎంత వేడి అన్నదే ముఖ్యమైంది.

ఈ వింతలోనే కిటుకు ఉన్నది. 300 డిగ్రీలంటే మాటలా! పెనం మీద చెయ్యి పెట్టినట్టు కాదూ? కాదు. చాకలి ఇస్త్రీపెట్టెను చూడండి. చకచకా నడిపితే మడత పోతుంది. ఒకచోట పెట్టి మరిచిపోతే చొక్కా కాలుతుంది. వేడి లోపలికి దిగటానికి కాలం పడుతుంది. దానికొక లెక్క కూడా ఉన్నది: కాలం నూరు రెట్లు పెరిగితే వేడి దిగే దూరం పది రెట్లే పెరుగుతుంది. చర్మం విషయంలో ఈ లెక్క వేస్తే, ఒక్క సెకండులో వేడి మిల్లీమీటరులో సుమారు మూడో వంతు లోతుకు దిగుతుంది. అక్కడ నరాలున్నవి, రక్తనాళాలున్నవి, అన్నీ కాలుతాయి. అదే సెకండులో వెయ్యో వంతులో ఐతే? మిల్లీమీటరులో నూరో వంతు! అంటే సరిగ్గా మన గోడ మందమంత. వేడి కింది గదిలోకి తొంగి చూచేలోపల దాన్ని తీసివేస్తారన్నమాట.

పూర్వం మన పల్లెల్లో కామెర్లు వచ్చినా, పిల్లలకు ఫిట్స్ వచ్చినా ఇనపకడ్డీ ఎర్రగా కాల్చి వాతలు పెట్టేవారు. ఇప్పటికీ అక్కడక్కడ పెడుతున్నారు. అక్కడా వేడే, ఇక్కడా వేడే. కాని వాత సెకండ్ల తరబడి ఉంటుంది, వేలెడంత ఉంటుంది. గోడకు కిటికీ పెట్టటం కాదు, ఇల్లు తగలబెట్టటం. దానితో ఏ జబ్బూ తగ్గదు. కాలిన పుండులోంచి సూక్ష్మజీవులు దూరి పసిపిల్లల ప్రాణం మీదికి వస్తుంది. శాస్త్రజ్ఞులు చేస్తున్నారు గదా అని ఎవరైనా ఇంట్లో గరిటె కాల్చబోతే, అది పులిని చూచి నక్క వాతలు పెట్టుకున్నట్టే అవుతుంది.

సెకండులో వెయ్యో వంతు చేతితో సాధ్యం కాదు గనక యంత్రం కావాలి. అమెరికాలో ఆల్టియా అనే సంస్థ సన్నని లోహపు తీగలను వరసగా అమర్చి, చర్మానికి ఆనించి, రెప్పపాటు విద్యుత్తు పంపేది. తీగలు వేడెక్కి గుంటలు పడేవి. వాటి మీద ఇన్సులిన్ పట్టీ అంటించేవారు. మనుషుల మీద పరీక్షల దాకా వచ్చింది గాని మందుల షాపు దాకా రాలేదు. ఇజ్రాయెల్ దేశంలో నోవోక్సెల్ అనే సంస్థ వేరే దారి పట్టింది. చదరపు సెంటీమీటరు టైటానియం బిళ్ళ మీద 81 బుల్లి గోపురాలుంటాయి. బిళ్ళను 400 డిగ్రీలకు వేడి చేసి, సెకండులో నూరో వంతు అటూఇటుగా చర్మానికి తగిలించి తీస్తారు. చర్మవైద్యులు ముడతలకూ మచ్చలకూ దీన్ని వాడుతున్నారు. మందులు లోపలికి పంపటానికి కూడా పనికి వస్తుందని పరీక్షించారు. ఇక ప్రౌస్నిట్జ్ బృందం వేడితోనే ఆగలేదు. చర్మంలో దిగి కరిగిపోయే బుల్లి సూదుల పట్టీలు కూడా చేస్తున్నది. నన్నడిగితే, పందెంలో ఆ సూదులే ముందున్నవి. వాటికి విద్యుత్తు అక్కరలేదు.

కిటికీ పెట్టటం కన్నా దాన్ని మూయటం పెద్ద పని. గాలి వచ్చే కిటికీలోంచి దొంగ కూడా రావచ్చు. శ్రీరాంపూర్ తాతల నీలి మచ్చలు మరిచిపోకండి. అందుకే కిటికీలు చాలా చిన్నవిగా ఉండాలి, పట్టీ శుభ్రంగా ఉండాలి, పట్టీ తీశాక గోడ త్వరగా పూడాలి. గుంట ఎంత చిన్నదైతే అంత త్వరగా పూడుతుంది.

చివరగా ఇంట్లో పనికివచ్చే సంగతి ఒకటి. మామూలు వేడి చర్మానికి కిటికీలు పెట్టలేదు గాని, మందును తొందరపెట్టగలదు. చర్మం వేడెక్కితే దాని కింద రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తం జోరుగా పారుతుంది. తీవ్రమైన నొప్పికి డాక్టర్లు అంటించే బలమైన మందు పట్టీ మీద వేడినీళ్ళ సంచి పెట్టినా, దానితో ఎండలో కూచున్నా, రోజంతా మెల్లగా దిగవలసిన మందు ఒక్కసారిగా దిగుతుంది; ప్రాణాపాయం కూడా కలగవచ్చు. ఇన్సులిన్ సూది వేసుకున్న వెంటనే వేడినీళ్ళ స్నానం చేస్తే చక్కెర అనుకున్నదానికన్నా త్వరగా పడిపోవచ్చు. బొగ్గు గనుల సీమలో వేసవి రోజుల్లో వేడి 45 డిగ్రీలకు ఎక్కుతుంది. మీ ఇంట్లో తాతగారికో, నాయనమ్మగారికో అటువంటి పట్టీ ఉంటే, వారి మంచం ఎండ పడని వైపు లాగి వేయండి. మందు పట్టీల అట్టపెట్టె కూడా కిటికీ దగ్గర కాకుండా, చల్లని చోట పెట్టండి.