రంగులకూ కొలత ఉంది!

పిల్లలూ! పూలమ్మే ఆమె దండను మూరతో కొలిచి ఇవ్వటం మీరు చూసే ఉంటారు. చెయ్యి పొడుగైతే మూర పెద్దది. చెయ్యి పొట్టిదైతే మూర చిన్నది. ఇద్దరు పూలవాళ్ళు "రెండు మూరలు" అనే ఇచ్చినా, దండలు సమానంగా ఉండవు. అట్లాగని ఎవరూ అబద్ధమాడలేదు గదా! లాప్‌టాప్ తెర మీది రంగుల సంగతీ ఇంతే.

తెర నిండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు ఉంటవి. ఒక్కొక్క చుక్క ఎంత వెలగాలో కంప్యూటరు మామూలుగా 0 నుంచి 255 వరకు అంకెలతో చెబుతుంది. 256ను మూడుసార్లు వేసి గుణించండి: 1,67,77,216 రంగులు! అయితే "ఎరుపు 200" అన్నంత మాత్రాన అన్ని తెరల మీదా ఒకే ఎరుపు రాదు. ఏ తెర మూర దానిది.

ఇప్పుడొక తగవు వినండి. ఒకే లాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ అని రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నవి. అక్క ఒకదానిలో చిలకపచ్చ రంగు వేసిన బొమ్మను తమ్ముడు రెండోదానిలో తెరిచాడు. పచ్చ మరీ ముదురుగా కనబడింది. "నా బొమ్మ పాడుచేశావు!" అని అక్క కోప్పడింది. పాపం, తమ్ముడు ఏమీ చెయ్యలేదు! బొమ్మలోని అంకెలు మారలేదు, తెరా మారలేదు. మరి తేడా ఎక్కడిది? ఒక సిస్టమ్ దగ్గర ఆ తెర కొలతల చీటీ ఉంది. రెండోదాని దగ్గర లేదు.

ఆ చీటీనే కలర్ ప్రొఫైల్ అంటారు. 1993లో ఎనిమిది సంస్థలు కలిసి, ఏ సిస్టమ్ అయినా చదవగలిగేటట్లు దానికి ఒక పద్ధతి ఏర్పరచినవి. అయినా తేడాలు వెంటనే పోలేదు. 2009 దాకా మాకింటోష్ కంప్యూటర్లు నడిమి రంగులను విండోస్ కంటే తేలికగా చూపేవి. అక్కడ తయారైన బొమ్మ విండోస్‌లో నల్లబడినట్లు కనబడేది.

చీటీ తయారుచేసేదెట్లా? కలరిమీటర్ అనే చిన్న పరికరాన్ని తెరకు ఆనిస్తారు. తెర మీద తెలుపు, నలుపు, ఎరుపు ఇట్లా వరుసగా వస్తుంటే, అది ఒక్కొక్క వెలుగునూ కొలుస్తుంది. ఉండవలసిన రంగుకూ, వచ్చిన రంగుకూ గల తేడా చీటీకి ఎక్కుతుంది. ఆ చీటీని రెండు సిస్టమ్‌లకూ విడివిడిగా ఇవ్వాలి. ఒకదానికిస్తే రెండోదానికి తెలియదు. పక్కింటి లాప్‌టాప్ చీటీ మీ తెరకు పనికిరాదు.

కొలిచే ముందు తెరను అరగంటసేపు వెలగనివ్వండి. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సదుపాయాన్ని ఆపండి. తెర మీద ఎండ పడనివ్వకండి.

పరికరం లేకపోయినా ఒక పరీక్ష చెయ్యవచ్చు. ఒకే ఫొటోను లాప్‌టాప్‌లోనూ, అమ్మ ఫోనులోనూ తెరిచి పక్కపక్కన పెట్టండి. తేడా కనబడితే, తప్పు ఎవరిదని పోట్లాడక, ఏ మూరతో కొలిచారో ముందు అడగండి.