ఎవరో మాట్లాడిన మాటలకు మన పేరున బిల్లు

ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమని పౌలు ఫిలేమోనుకు వ్రాశాడు. తెలిసి, ప్రేమతో ఎత్తుకొన్న బాకీ అది. మనకు తెలియకుండా మన నెత్తిన పడే బాకీ సంగతి వేరు. ఈ రెండింటినీ ఒకటిగా ఎంచి, "పోనీలెండి, గొడవెందుకు" అని డబ్బు కట్టి వచ్చే విశ్వాసులు మన పల్లెల్లో చాలామందే ఉన్నారు.

1990లలో అల్లూరు వంటి ఊళ్లలో ఒక ఇంట్లో ఫోను ఉంటే అది వీధి వీధికంతా ఫోనే. మద్రాసులో ఉన్న కొడుకుతో మాట్లాడి, చిల్లర చేతిలో పెట్టి పోయేవారు. రెండు నెలలకు బిల్లు వచ్చాక ఆ చిల్లరకూ దానికీ పొంతన కుదరక ఇరుగుపొరుగు వారు మాటలు మానుకొన్న ఇళ్లు మేమెరుగుదుము.

ఇప్పుడు ఫోను ఎవరి జేబులో వారికి ఉన్నది గాని, సిమ్ము ఎవరి పేరున ఉన్నదో తెలియదు. కొన్నేళ్ల క్రిందట మా సంఘంలోని ఒక విధవరాలికి, ఆమె ఎన్నడూ తీసుకోని పోస్ట్‌పెయిడ్ నంబరుకు పన్నెండు వందల పైచిలుకు కట్టమని నోటీసు వచ్చింది. "అయ్యగారూ, కట్టేస్తాను, కోర్టంటే నాకు భయం" అన్నది. అది ఆమె నాలుగు రోజుల కూలి. మేము ఆగమని చెప్పి, ఆ కనెక్షను కోసం ఇచ్చిన దరఖాస్తు నకలు చూపించమని కంపెనీకి వ్రాయించాము. దానిమీద ఇంగ్లీషు సంతకం ఉన్నది. ఆమెకు వేలిముద్ర తప్ప మరొకటి రాదు! ఎక్కడో ఇచ్చిన ఆధార్ జిరాక్సు ఎవరి చేతిలోనో పడింది. బిల్లు రద్దయింది.

ఇది అవిశ్వాసం కాదా అని ఒక సహోదరుడు మమ్మును అడిగాడు. ఫిలిప్పీలో న్యాయాధిపతులు రహస్యంగా పంపివేయబోతే, వారే వచ్చి మమ్మును వెలుపలికి తీసికొని పోవాలని పౌలు పట్టుబట్టలేదా?

పట్టుబట్టే పద్ధతి కష్టమైనది కాదు. మొదట కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు తప్పక వ్రాసుకోవాలి. ఆ నంబరు లేకుంటే తరువాత ఎవరూ మన మాట వినరు. అక్కడ న్యాయం జరగకుంటే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ఉచితంగా అప్పీలు చేయవచ్చును. దానిని 39 రోజులలో తేల్చాలి. 1915కు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం తెలుగులోనే మాట్లాడుతుంది.

అప్పటికీ తేలకుంటే జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. ఫోను తగాదాలు వారి పరిధిలోనివి కావని 2009లో సుప్రీంకోర్టు చెప్పినందువలన చాలామంది ఆశ వదులుకొన్నారు. అయితే అహ్మదాబాదులో ఒకాయనకు నెలకు సగటున 555 రూపాయలు వచ్చే బిల్లు 2013 చివర ఒక్కసారిగా 24,609 రూపాయలు వచ్చింది. ఆయన 2014లో వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. కంపెనీ సుప్రీంకోర్టు దాకా లాగింది. 2022 ఫిబ్రవరి 16న ఆ కోర్టు, వినియోగదారుల కమిషన్ల తలుపు మూసిలేదని తీర్పు చెప్పింది. ఒక బిల్లు కోసం ఎనిమిదేళ్లు! ఆయన ఓర్పు వలన మనకందరికీ దారి దొరికింది. 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చును గనుక అల్లూరువారు నెల్లూరు వెళితే చాలును. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు.

అసలు మన పేరున ఎన్ని నంబర్లున్నవో చూసుకొనే ఏర్పాటు 2021లో మొదట మన రెండు తెలుగు రాష్ట్రాలకే వచ్చింది. ఇప్పుడది సంచార్ సాథీలో ఉన్నది. మనది కాని నంబరు కనబడితే అక్కడే ఫిర్యాదు పెట్టవచ్చును. మా సంఘంలో ఆరాధన తరువాత యౌవనస్థులు ఇద్దరు కూర్చుండి పెద్దలకు ఇది చూసిపెడుతున్నారు. మొన్న ఒక తాతగారి పేర నాలుగు నంబర్లు తేలినవి. ఒకటి ఆయనది, రెండు మనుమలవి. నాలుగవది ఎవరిదో ఆ ఇంట ఎవరికీ తెలియదు. ఫిర్యాదు పెట్టి, నంబరు ఆయన బైబిలు అట్ట లోపల వ్రాసి ఇచ్చారు.